ఇంజను సరే... వెనక ఇరుసు సంగతేమిటి?

పాత అమెరికన్ కారు కొని, గంటల తరబడి సాగే పందేలకు తయారుచేయాలనుకునే కుర్రాళ్లు ముందు ఇంజను మీద డబ్బు కుమ్మరిస్తారు. అసలు ప్రమాదం మాత్రం వెనక చక్రాల మధ్య, ఎవరికీ కనపడని చోట దాగి ఉంటుంది. ఆ సంగతి ఇల్లాలికి తెలిస్తే అటు ప్రాణానికీ, ఇటు డబ్బుకీ రక్షణే!

కందెన లేని ఎడ్లబండి ఎలా ఉంటుందో పల్లెటూళ్లో పెరిగిన వాళ్లెవరినడిగినా చెప్తారు. ముందు ఇరుసు కిర్రుమంటుంది. తర్వాత వేడెక్కుతుంది. అప్పటికీ పట్టించుకోకపోతే నడిదారిలో బండి కూలబడుతుంది. ఎడ్లు ఎంత బలమైనవైనా అప్పుడు చేయగలిగిందేమీ లేదు. వేల డాలర్లు పోసి కొన్న కారుకైనా ఇదే సూత్రం!

"కార్లూ, పందేలూ మనకెందుకండీ..." అని పేజీ తిప్పేయకండి. మన తెలుగు ఇళ్ల నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన పిల్లలు ఎందరో ఉన్నారు. పాత కారొకటి కొని, సెలవు రోజుల్లో గ్యారేజీలో విప్పుకుని, బాగుచేసుకుని ట్రాక్ మీద నడపడం అక్కడ చాలామందికి సరదా. రేపు మీ అబ్బాయో, అమ్మాయో "అమ్మా, 1966 మస్టాంగ్ కొన్నాను, పందేనికి తయారుచేస్తున్నాను" అని ఫోన్ చేస్తే, "జాగ్రత్త నాన్నా" అని ఊరుకుంటారా? ఏం జాగ్రత్త పడాలో కూడా చెప్పగలిగితే ఎంత బావుంటుంది!

ఏమిటీ కండల కారు?

మజిల్ అంటే కండ. ఓ మోస్తరు సైజు కారులో పెద్ద ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టి అమ్మితే అది మజిల్ కారు. 1964లో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ.తో ఈ మోజు మొదలైందని చాలామంది చెబుతారు. ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్ కూడా అదే ఏడాది ఏప్రిల్ 17న బజారులోకి వచ్చింది. దాన్ని పోనీ కారని వేరే పేరుతో పిలిచేవాళ్లున్నా, పందేల దగ్గర ఇవన్నీ ఒక గూటి పక్షులే.

అప్పట్లో వీటి సత్తా చూసేది పావు మైలు పందెంలో. అంటే సుమారు 400 మీటర్లు, నిట్టనిలువు దారి. పది పదిహేను సెకన్లలో అంతా అయిపోతుంది. కానీ ఓర్పు పందేలు అలా కాదు. కాలిఫోర్నియాలోని థండర్‌హిల్ ట్రాక్ మీద 25 గంటల పందెం జరిగింది. 2006లో మొదలైన '24 అవర్స్ ఆఫ్ లెమన్స్' మరీ తమాషా. ఇంగ్లీషులో పనికిరాని కారుని లెమన్, అంటే నిమ్మకాయ అంటారు. ఫ్రాన్సులోని ప్రసిద్ధమైన లె మాన్ 24 గంటల పందేన్ని వెక్కిరిస్తూ పెట్టిన పేరది. 500 డాలర్లకు మించని డొక్కు కార్లకే అందులో ప్రవేశం. అయితే డ్రైవరు ప్రాణం కాపాడే సామాను ఖర్చు మాత్రం ఆ లెక్కలోకి రాదు. చూశారా, నవ్వులాట పందెంలో కూడా ప్రాణరక్షణకు లెక్క చూడరు!

కారు ఇరుసులో ఏముంటుంది?

ఎడ్లబండి ఇరుసు తిరగదు. దాని మీద చక్రాలు రెండూ దేనికది తిరుగుతాయి. కారు వెనక ఇరుసు అలా కాదు. లోపల ఉన్న రెండు కడ్డీలు చక్రాలను పట్టుకుని తిప్పుతాయి. వీటినే షాఫ్టులంటారు. మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బుగా కనిపించే గూడులో పళ్ల చక్రాలుంటాయి. ఇంజను నుంచి వచ్చే పొడుగాటి కడ్డీ చివర చిన్న పళ్ల చక్రం పినియన్. అది తిప్పే పెద్ద పళ్లెంలాంటిది క్రౌన్ వీల్. మన ఊళ్లలో అంబాసిడర్ కార్లు బాగుచేసిన మెకానిక్కులకు ఈ జంట పేరు నోట్లోనే ఉంటుంది.

ఆ గూట్లోనే ఇంకో మాయ కూడా ఉంది. మీరూ, మీ తోడికోడలూ చేతులు పట్టుకుని పక్కపక్కన తులసికోట చుట్టూ తిరుగుతున్నారనుకోండి. కోట వైపున్నవారు చిన్న అడుగులు వేస్తే చాలు. బయటివైపున్నవారు పెద్ద పెద్ద అంగలు వేయాలి. మలుపు తిరిగే కారు చక్రాలదీ అదే అవస్థ. బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరిగేలా సర్దే ఏర్పాటే డిఫరెన్షియల్. 1827లో పెక్యూర్ అనే ఫ్రెంచి ఆయన దీన్ని బండ్ల కోసం కనిపెట్టాడు.

పది సెకన్ల బలం వేరు, పది గంటల ఓర్పు వేరు

మన మిక్సీనే చూడండి. కొబ్బరి చట్నీ నిమిషంలో మెత్తగా చేసిపెడుతుంది. అలాగని గారెల పిండి మూడు కిలోలు ఆపకుండా రుబ్బమంటే? మోటారు వేడెక్కుతుంది. జారు అడుగునున్న కప్లర్ అరిగి ముక్కలవుతుంది. అందుకే పెద్ద పనికి గ్రైండరు వాడతాం. మిక్సీకి బలం లేక కాదు, ఆ పనికి కావలసిన ఓర్పు లేక.

పాత కారు ఇరుసు మిక్సీ కప్లర్ లాంటిది. ఇంజను బలం రెట్టింపు చేసి ఇరుసుని అలాగే వదిలేస్తే, ముందు తెగేది అదే. పైగా ఓర్పు పందెంలో దానికి మూడు కష్టాలు. ఒకటి, గంటల తరబడి ఆగని వేడి. రెండు, ప్రతి మలుపులోనూ చక్రాన్ని పక్కకి తోసే బలం. ఇది నిట్టనిలువు పందెంలో ఉండదు. మూడు, వేగం పెంచినప్పుడల్లా, తగ్గించినప్పుడల్లా షాఫ్టు పడే మెలిక. అందుకే "పావు మైలు పందెంలో గెలిచిన ఇరుసమ్మా ఇది" అని ఎవరైనా అంటే, అది సగం మాటేనని గుర్తుంచుకోండి.

ఏ కారుకి ఏ ఇరుసు?

1966 మస్టాంగ్ కొనేటప్పుడు ఇంటి ఇల్లాలు కూడా చేయగల పరీక్ష ఒకటుంది. చక్రానికి ఎన్ని నట్లున్నాయో లెక్కపెట్టండి. నాలుగే ఉంటే అది ఆరు సిలిండర్ల కారు. దాని క్రౌన్ వీల్ వ్యాసం 7.25 అంగుళాలే. మామూలు ఎనిమిది సిలిండర్ల కారుకి అయిదు నట్లు, 8 అంగుళాల క్రౌన్ వీలు. 271 గుర్రాల శక్తి ఉన్న ప్రత్యేకం ఇంజనుతో కొన్నవారికి మాత్రమే కంపెనీ 9 అంగుళాల ఇరుసు ఇచ్చింది. అయితే ఈ లెక్క కారు మొదటి రూపంలో ఉంటేనే సుమా! మధ్యలో ఎవరైనా మార్చి ఉండవచ్చు.

ఈ 9 అంగుళాల ఇరుసు ఫోర్డ్ వాళ్లు 1957 నుంచి 1986 దాకా తయారుచేశారు. పాతకార్ల వాళ్లకి ఇదంటే ప్రాణం. కారణాలు లేకపోలేదు. పళ్ల చక్రాల సెట్టు మొత్తాన్ని ముందు వైపు నుంచి ఊడదీసి పట్టుకెళ్లి, బల్ల మీద పెట్టుకుని సర్దుకోవచ్చు. పినియన్ లోపలి కొసకు కూడా ఒక బేరింగు దన్నుగా ఉంటుంది. అందుచేత అది పక్కకి వంగదు. విడిభాగాలు ఇవాళ్టికీ కొత్తవి దొరుకుతున్నాయి.

ప్రతి సుగుణానికీ ఓ ఖరీదుంటుంది కదా! ఈ ఇరుసు బరువెక్కువ. పినియన్ బాగా కిందికి ఉండటంతో పళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కువ రాసుకుంటాయి. దాంతో బలం వస్తుంది, కాస్త వేడీ వస్తుంది, కాస్త శక్తీ వృథా అవుతుంది. అయినా లాభమే ఎక్కువ. కారల్ షెల్బీ 1965లో మస్టాంగ్‌ని జి.టి.350 పందెపు కారుగా మార్చినప్పుడు వెనక పెట్టింది ఈ 9 అంగుళాల ఇరుసే. ఆ కార్లు 1965, 66, 67 సంవత్సరాల్లో వరసగా మూడుసార్లు తమ తరగతిలో అమెరికా జాతీయ చాంపియన్‌షిప్ గెలిచాయి.

చక్రం ఊడిపోకుండా...

తల్లిగా మీరు తప్పకుండా అడగవలసిన విషయం ఇది. 1967 కెమారో లాంటి జనరల్ మోటార్స్ కార్లలో షాఫ్టు బయటకి జారిపోకుండా లోపలి కొసన ఒక చిన్న ఇనుప కొక్కీ పట్టుకుని ఉంటుంది. ఇంగ్లీషు 'సి' అక్షరంలా ఉంటుంది కాబట్టి సీ-క్లిప్ అంటారు. ఇంటి వాడకానికి బాగానే ఉంటుంది. కానీ పందెంలో షాఫ్టు విరిగిందో... విరిగిన ముక్కతో సహా చక్రం బయటకి జారిపోవచ్చు. వేగంగా మలుపు తిరుగుతున్న కారుకి వెనక చక్రం లేకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఫోర్డ్ 9 అంగుళాల ఇరుసులో ఈ కొక్కీ ఉండదు. చక్రం దగ్గరే బేరింగుని ఒక పలక బిగించి పట్టుకుంటుంది. షాఫ్టు లోపలెక్కడో విరిగినా చక్రం నిలుస్తుంది. బేరింగు బయట, చక్రం బిగించే చోట విరిగితే మాత్రం ఇదీ కాపాడలేదు.

అంతకంటే మేలైనది ఫుల్ ఫ్లోటింగ్ ఇరుసు. ఇదేదో అమెరికా వింత కాదు. ఈసారి రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ వెనక చక్రం మధ్యలో చూడండి. బోల్టులతో బిగించిన గుండ్రటి మూత కనపడుతుంది. అక్కడ లారీ బరువంతా మోసేది బయటి గొట్టం మీదున్న హబ్బు. లోపలి షాఫ్టుకి తిప్పడమొక్కటే పని. షాఫ్టు విరిగినా చక్రం ఎక్కడికీ పోదు. దారిలో షాఫ్టు లాగేసి కొత్తది దోపుకోవచ్చు. మన సరుకుల లారీకి ఉన్న ఈ భాగ్యమే పందెపు కారుకీ కావాలి. ఇంకో లాభం కూడా ఉంది. మలుపుల్లో షాఫ్టు కదిలి బ్రేకు డిస్కు ఊగడం తగ్గుతుంది. అందువల్ల బ్రేకు పెడలు ఒక్కసారిగా లోతుకి దిగిపోయే గుండెదడ తప్పుతుంది.

ఫుల్ ఫ్లోటింగ్‌కి డబ్బు చాలకపోతే, కనీసం పక్క బలాన్ని తట్టుకునే టేపర్ రోలర్ బేరింగులూ, లావు షాఫ్టులూ వేయించమనండి. షాఫ్టు చివరనుండే సన్నటి గాట్లని స్ప్లైన్లంటారు. 28 గాట్ల షాఫ్టు మందం సుమారు 1.2 అంగుళాలు, 31 గాట్లది సుమారు 1.3 అంగుళాలు. ఇంత చిన్న తేడాకేనా అనుకోకండి. మందం పదో వంతు పెరిగితే మెలికకు తట్టుకునే బలం మూడో వంతు పెరుగుతుంది!

నూనె, వేడి, ఊపిరి

గారెలు వేయించే నూనె 170, 180 డిగ్రీల వేడిలో ఉంటుంది. ఇరుసులో నూనె 120 డిగ్రీలు దాటకుండా చూసుకోవడం మంచిది. 150 దాకా పోతే నూనె పలచబడిపోతుంది. పళ్ల మధ్య పొర తెగిపోతుంది. పాత కుక్కరు గాస్కెట్టులా రబ్బరు సీళ్లు గట్టిపడి కారడం మొదలవుతుంది.

అందుకని ఓర్పు పందెం కార్లలో ఇరుసుకి కూడా ఓ చిన్న రేడియేటరు పెడతారు. ఒక పంపు నూనెని బయటకి లాగి, చల్లబరిచి మళ్లీ లోపలికి పంపుతుంది. ఆ పంపు వేడి గేరు నూనెకి పనికొచ్చేదిగా ఉండాలి. దానికి ముందు ఓ జల్లెడ ఉండాలి. చల్లటి నూనె ఆముదంలా చిక్కగా ఉంటుంది కనుక, కాస్త వేడెక్కాకే పంపు వేయాలి. డ్రైవరు ఎదుట ఉష్ణోగ్రత చూపే మీటరు తప్పనిసరి. నూనె కూడా జి.ఎల్.-5 రకం, 75డబ్ల్యు-140 లాంటి చిక్కదనం ఉన్న సింథటిక్ నూనె వాడతారు. మూత తీయగానే గంధకం కంపు కొడుతుంది. భయపడకండి, పళ్లను కాపాడే మందు వాసనే అది!

కుక్కరుకి వెయిట్ ఎలాగో, ఇరుసుకి ఊపిరి గొట్టం అలాగ. లోపల గాలి వేడికి ఉబ్బుతుంది. దారి మూసుకుపోతే ఆ ఒత్తిడి నూనెని సీళ్లలోంచి తోసేస్తుంది. ఆ నూనె బ్రేకుల మీద పడిందా, ఇక బ్రేకు పట్టదు. రెండు మూడు డాలర్ల గొట్టం ఎత్తుగా కట్టి, చిన్న డబ్బాలోకి వదిలితే సరిపోయే పనికి ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఎందుకు?

పళ్ల లెక్క, తాళం రకం

క్రౌన్ వీలుకి పినియన్ కంటే ఎన్ని రెట్లు పళ్లున్నాయో అదే నిష్పత్తి. చక్రం చుట్టుకొలత 2 మీటర్లనుకుంటే, గంటకి 160 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 1,333 సార్లు తిరుగుతుంది. నేరుగా నడిచే టాప్ గేరులో నిష్పత్తి 3.00 అయితే ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతుంది. 3.50 అయితే 4,667 చుట్లు. 4.11 అయితే సుమారు 5,480 చుట్లు. నిష్పత్తి పెరిగితే కారు చురుగ్గా అందుకుంటుంది, నిజమే. కానీ గంటల తరబడి ఇంజను గొంతు చించుకోవాలి, పెట్రోలూ తాగాలి. పెట్రోలు కోసం ఒకసారి తక్కువ ఆగినవాడే ఈ పందేల్లో ముందుంటాడు. ట్రాక్ ఎంత పొడుగో చూసుకుని నిష్పత్తి ఎంచుకోవాలి.

మామూలు డిఫరెన్షియల్‌తో ఓ చిక్కుంది. మలుపులో లోపలి చక్రం తేలికైతే శక్తంతా దానికే పోయి అది ఊరికే తిరిగేస్తుంది. దీనికి విరుగుడు మూడు రకాలు. క్లచ్ పలకల రకం మెత్తగా పనిచేస్తుంది, కానీ పలకలు అరుగుతాయి, నూనెలో ప్రత్యేకం మందు కలపాలి. డెట్రాయిట్ లాకర్ రకం గట్టిపిండం. జి.టి.350లో వాడింది ఇదే. మలుపుల్లో టకటకమంటుంది, నడిపేవారికి అలవాటు కావాలి. మూడోది మర గేర్ల రకం. అరిగే పలకలుండవు, మెత్తగా ఉంటుంది. కానీ ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే చేతులెత్తేస్తుంది. రెండు చక్రాలనీ ఒకటిగా బిగించేసే స్పూలు మాత్రం మలుపుల పందేనికి వద్దు. అది నిట్టనిలువు పందెం సామాను.

కొత్త పెనం మీద వెంటనే అట్టు పోస్తామా?

పళ్ల చక్రాలు అమర్చడం చెయ్యి తిరిగినవారి పని. 9 అంగుళాల ఇరుసులో రెండింటి మధ్య వదలాల్సిన సందు అంగుళంలో వెయ్యింట 8 నుంచి 12 వంతులు. అంటే ఇంచుమించు పోస్టుకార్డు మందం! పళ్లకి రంగు పూసి, తిప్పి, అచ్చు ఎక్కడ పడిందో చూసి సర్దుతారు. అచ్చు పంటి మధ్యలో పడాలి.

ఆ తర్వాత కూడా తొందర పనికిరాదు. కొత్త ఇనుప పెనాన్ని నూనె రాసి, కాచి, చల్లార్చి, మళ్లీ కాచి దారిలో పెడతాం కదా! కొత్త పళ్లకీ అదే మర్యాద. పదిహేను ఇరవై నిమిషాలు నెమ్మదిగా నడపాలి, పూర్తిగా చల్లారనివ్వాలి. ఇలా మూడు నాలుగుసార్లు చేయాలి. 500 మైళ్లయ్యాక నూనె మార్చాలి. నూనె తీసే బిరడాకి అయస్కాంతం ఉంటే మంచిది. దానికి బూడిదలాంటి పొడి అంటుకుంటే ఫరవాలేదు. ఇనప రజను ముక్కలుగా కనపడితే మాత్రం విప్పి చూడాల్సిందే.

ఆడవాళ్లకి ఇవన్నీ తెలుస్తాయా అంటారా?

జానెట్ గుత్రీ గురించి వినండి. ఫిజిక్సు చదివి, విమానాల కంపెనీలో ఇంజనీరుగా పనిచేసిన అమెరికన్ మహిళ. పాత జాగ్వార్ కారు కొనుక్కుని, దాని ఇంజను తానే విప్పి బిగించుకుంది. 1976లో షార్లట్‌లో 600 మైళ్ల పందెం 15వ స్థానంలో పూర్తి చేసింది. 1977లో డేటోనా 500, ఇండియానాపోలిస్ 500 రెండింటిలోనూ పాల్గొన్న తొలి మహిళ అయింది. డేటోనాలో 12వ స్థానం. మరుసటేడు ఇండియానాపోలిస్‌లో విరిగిన మణికట్టుతోనే 500 మైళ్ల పందెం నడిపి 9వ స్థానంలో నిలిచింది. అమెరికాలో ఆ డేటోనా తరహా పందెపు కార్ల వెనక 2021 దాకా ఉన్నది ఇలాంటి ఒకే మొద్దు ఇరుసే.

డబ్బు ఏ వరసలో ఖర్చుపెట్టాలి?

అన్నీ కొత్తవి తెప్పించుకుంటే ఫుల్ ఫ్లోటింగ్ ఇరుసు కొన్ని వేల డాలర్ల మాట. ఒక్కసారిగా పెట్టలేనివారికి ఈ వరస మంచిది. మొదట గూడు వంకర పోలేదని కొలిపించడం, సీళ్లు, బేరింగులు, ఊపిరి గొట్టం, మంచి నూనె. తర్వాత చక్రం ఊడిపోకుండా కాపాడే ఇరుసు, లావు షాఫ్టులు, గట్టి వీలు బోల్టులు. ఆ తర్వాత మీటరు, రేడియేటరు. ఆఖర్న తాళం రకం, నిష్పత్తి మార్పు. ఇంజనుకి అదనపు బలం ఇవన్నీ అయ్యాకే! ఇంకోమాట. ఏ పందేనికి వెళ్లాలో దాని నిబంధనల పుస్తకం ముందే చదవాలి. 500 డాలర్ల పందేనికి ఖరీదైన ఇరుసు వేసుకెళితే జరిమానాగా చుట్లు కోసేస్తారు.

ఫోన్‌లో అడగవలసిన ప్రశ్నలు

* నీ కారు వెనక ఏ ఇరుసు ఉంది? క్రౌన్ వీల్ ఎన్ని అంగుళాలు?
* సీ-క్లిప్ ఉందా? షాఫ్టు విరిగితే చక్రాన్ని ఏది పట్టుకుంటుంది?
* ఇరుసు నూనె వేడి చూపే మీటరు పెట్టావా?
* ఊపిరి గొట్టం ఎక్కడికి వదిలావు?
* కొత్త పళ్లని నెమ్మదిగా అలవాటు చేశావా, తిన్నగా పందేనికే తీసుకెళ్తున్నావా?
* వీలు నట్లు ప్రతిసారీ టార్క్ రెంచితో సరిచూస్తున్నావా?

ఈ ఆరింటికీ తడుముకోకుండా జవాబు వస్తే మీరు నిశ్చింతగా నిద్రపోవచ్చు. "అదీ... చూడాలమ్మా" అన్నాడో, పందెం వాయిదా వేయమనండి. ఇంజను చప్పుడు పది మందినీ పోగుచేస్తుంది. ఇంటికి తిరిగి తెచ్చేది మాత్రం చప్పుడు చేయని ఆ ఇరుసే!